ఐదు నిమిషాల్లో అతుక్కుంటానన్న మీకు

అజిత్‌సింగ్‌నగర్,
విజయవాడ.

మహారాజశ్రీ ఐదు నిమిషాల జిగురు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, రెండు గాలపు రాడ్లు తప్ప. అక్కడ మీరు రెజిన్ అనే జిగురు ఒక ట్యూబులో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒక ట్యూబులో వేరుకాపురం పెట్టుకుని చల్లగా ఉన్నారని తలుస్తాను.

ముందు మీ పేరు సంగతి. బెజవాడలో "ఐదు నిమిషాలు" అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ప్లంబరు ఐదు నిమిషాల్లో వస్తానంటే ఇవాళ రాడని అర్థం. బెంజి సర్కిల్ దాటేశాను, ఐదు నిమిషాలంతే అన్నవాడు అప్పుడే స్నానానికి తువ్వాలు వెతుక్కుంటూ ఉంటాడు. పెళ్లిలో ఐదు నిమిషాల్లో రెండో బంతి అన్నారంటే ఇంటికెళ్లి ఒక కునుకు తీసి రావచ్చు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, పెట్టె మీద ఆ అంకె చూసి నమ్మడం నా తప్పే. కాకపోతే ఇక్కడ అందరూ ఐదని చెప్పి యాభై చేస్తారు. మీరొక్కరే ఐదని చెప్పి ఒకటిన్నరకే పని కానిచ్చేశారు. ఈ రకం మోసం మాకు అలవాటు లేదండీ.

నా గురించి రెండు ముక్కలు. వారమంతా ఆఫీసు, ఆదివారం గాలం. కొన్న రాడ్డు పిడి పొడుగెక్కువై మోచేతికి తగులుతోందని, నా చేతి కొలతకి నేనే చేసుకుందామని 2023 వేసవిలో బుద్ధి పుట్టింది. కార్బన్ బ్లాంకు, అంటే పిడీ, దారం దూరే రింగులూ లేని ఒట్టి గొట్టం, ఒకటి తెప్పించాను. దారం చుట్టే రీలుని బిగించే రీల్ సీటు ఒకటి, పిడికి అరంగుళం మందం కార్కు బిళ్లలు పాతిక. జిగురు మాత్రం మన ఊళ్లోనే హార్డ్‌వేర్ షాపులో. "ఏది గట్టిదండీ?" అంటే కొట్టతను మిమ్మల్ని చూపించి "ఐదు నిమిషాల్లో రాయి అయిపోద్ది సార్" అన్నాడు. రాయి అయ్యారు. ఎక్కడ అయ్యారన్నదే గొడవ.

రోహిణి కార్తె, మధ్యాహ్నం మూడు గంటలు, వరండాలో 43 డిగ్రీలు. లోపల మా ఆవిడ ఆవకాయ కలుపుతోంది, బయట నేను మిమ్మల్ని కలుపుతున్నాను. పచ్చడి సీసా మూతలో రెండు ట్యూబులూ సమానంగా పిండి, ఐస్‌క్రీం పుల్లతో తిప్పడం మొదలుపెట్టాను. నిమిషం తిప్పితే గానీ సరిగ్గా కలవరు, అది మీ పెట్టె మీదే రాసి ఉంది. ఈలోగా కుళ్లిన ఉల్లిపాయ వాసన. "గ్యాస్ లీకవుతోందండీ!" అంటూ మా ఆవిడ కారం చేతులతోనే సిలిండర్ కట్టెయ్యడానికి పరిగెత్తింది. ఆమె ముక్కు తప్పేం కాదు. మీ హార్డెనర్‌లో ఉండేది మెర్కాప్టాన్ జాతి సరుకు. వంటగ్యాస్ లీకైతే తెలియడానికి దాంట్లో కలిపేదీ ఆ జాతిదే.

ఆమె వెనక్కి వచ్చి నన్ను రెండు మాటలు అనేసరికి మీ అయిదు నిమిషాల్లో నాకు మిగిలింది అర నిమిషం. బ్లాంకు అడుగున లావు, పైకి పోనుపోను సన్నం. పిడిని కొస వైపు నుంచి ఎక్కించి కిందికి జార్చాలి. జార్చాను. ఇంకా నాలుగంగుళాలు దిగాలి అనగా పిడి ఆగింది. తోశాను, తిప్పాను, గోడకి తన్నిపెట్టి నెట్టాను, ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. కదల్లేదు. ఇటు మూతలో మిగిలిన ముద్ద చెయ్యి కాలేంత వేడెక్కి, పసుపు రంగు తిరిగి, పుల్లని పట్టుకుని వదల్లేదు.

తరవాత చదివి తెలుసుకున్నాను. మీ ఐదు నిమిషాలు 25 డిగ్రీల లెక్క. ప్రతి పది డిగ్రీలకీ మీ టైము సుమారు సగానికి సగం పడిపోతుందట. 43కి లెక్క వేస్తే నిమిషంన్నర. పైగా మీరు గట్టిపడేటప్పుడు మీలోంచే వేడి పుడుతుంది. ముద్దగా ఉంచితే ఆ వేడి బయటికి పోలేక మిమ్మల్ని ఇంకా తొందరపెడుతుంది. పళ్లెంలో పల్చగా పరిస్తే కాస్త ఓపిక పడతారు. ఇవన్నీ మూతలో కలపకముందు తెలియాల్సిన సంగతులు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కార్కు ఒక ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో దొరికే కార్కులో సగం దాకా పోర్చుగల్‌దే. చెట్టుకి పాతికేళ్లు వస్తే గానీ మొదటిసారి బెరడు వొలవరు. ఆ తరవాత తొమ్మిదేళ్లకోసారి. అంత ఓపిక పట్టిన బెరడుని నేను మీ చేతుల్లో పెట్టాను. లోపల ఆవకాయని కూడా మూడో రోజుకి గానీ తిరగకలపరు కదండీ!

నాలుగంగుళాల ఎత్తులో ఇరుక్కున్న పిడిని చివరికి మరిగే నీళ్లు పోసి ఊడదీశాను. పది నిమిషాల్లో మెత్తబడి వచ్చేసింది. మా ఆవిడ సంతోషించింది, నేనూ సంతోషించాను. నిజానికి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. వేణ్ణీళ్లకి వదిలేసినవాడు బెజవాడ ఎండకి ఏం నిలబడతాడు?

రెండోసారి తెల్లవారుజామున ఐదింటికి లేచి, చల్లటి వేళ, పళ్లెంలో పరిచి పని కానిచ్చాను. పిడి కూర్చుంది, రీల్ సీటూ రింగులూ ఒకే గీతలోకి వచ్చాయి. చూసినవాళ్లకల్లా చూపించాను, అడగనివాళ్లకి కూడా. ఆదివారం ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికి వెళ్లి, టీ తాగి కబుర్లు చెప్పుకుని వచ్చేసరికి రాడ్డు కారులో ఎండకి రెండు గంటలు మగ్గింది. మే ఎండలో అద్దాలు బిగించిన కారు లోపల అరవై డిగ్రీలు కూడా దాటుతుంది. మీలాంటివారు యాభై అటూఇటూ రాగానే మెత్తబడతారని నాకప్పటికి తెలియదు. గాలం వేసిన పావుగంటకి బొచ్చె పడింది. రాడ్డు వంగింది, రీలు కీచుమంది. ఇంతలో నా గుప్పిట్లో ఏదో మెల్లగా, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు, తిరిగింది. రింగులు ఆకాశం వైపు, రీలు అమరావతి వైపు. దారం పటుక్కుమంది. పక్కన వెదురు కర్రతో కూర్చున్న పెద్దాయన ఇదంతా చూసి, "చేప తిరగాలి గానీ పిడి తిరగడమేంది బాబూ!" అన్నాడు. ఆయన కర్రకి పిడి లేదు. జిగురూ లేదు. బుట్టలో మాత్రం రెండు శీలావతులు ఉన్నాయి.

మీరు పోతే పోయారు, మీ చుట్టపక్కాలని కూడా చూశాను.

మొదట సూపర్ గ్లూ. 1942లో అమెరికాలో కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే ఆయన బృందం తుపాకీ గురిచూసే అద్దాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఈ పదార్థం చేతికి చిక్కింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని విసుక్కుని పక్కన పడేశారు. 1951లో మళ్లీ చూసి, 1958లో అమ్మకానికి పెట్టారు. గాలిలోని తేమ తగిలితే చాలు గట్టిపడుతుంది, కృష్ణ ఒడ్డున తేమకి కొదవేముంది! నా వేళ్లు రెండూ చక్కగా అతుక్కున్నాయి. పిడికి మాత్రం అది పనికిరాదు. పెళుసు, దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. కార్కులో సన్నటి పగులు కనిపిస్తే ఒక బొట్టు వేసుకోవచ్చు, అంతవరకే.

తరవాత నురగ జిగురు. తేమ పీల్చి పొంగే రకం. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పిడి రెండు చివర్లా గోధుమరంగు నురగ కక్కి, పెట్టిన చోటు నుంచి వేలెడు జరిగి ఉంది. నురగలో బలం ఉండదు, అంతా గాలే. వడ్రంగం పనిలో చెక్కల్ని పట్టీలతో బిగించి వాడతారు గానీ పిడిని బ్లాంకు మీద ఎలా బిగిస్తాం?

తెల్ల జిగురుని మాత్రం తక్కువ చెయ్యలేను. కార్కు బిళ్లని కార్కు బిళ్లకి అతికించడానికి నీళ్లకి తట్టుకునే రకం తెల్ల జిగురే మేలు. ఎపాక్సీ, అంటే మీలాంటి రెండు ట్యూబుల జిగురు, ఎండాక కార్కు కన్నా గట్టిగా తయారవుతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే కార్కు అరుగుతుంది, జిగురు గీత అరగదు. పిడి మీద చెయ్యి పెడితే వానపాము ఒంటి మీద పెట్టినట్టే ఉంటుంది. తెల్ల జిగురు కార్కుతో పాటే అరుగుతుంది. అయితే అది ఎండాలంటే దాంట్లోని నీళ్లు ఎక్కడికో పోవాలి. కార్కు పీల్చుకుంటుంది. కార్బన్ గొట్టం చుక్క కూడా పీల్చదు. నా రెండో రాడ్డుకి ఈ తేడా తెలియక, నీళ్లకి తట్టుకోని మామూలు రకం తెచ్చి అడుగు నుంచి పై దాకా దాంతోనే లాగించాను. పెళ్లిచూపుల్లో ఉన్నట్టు పైపైన బాగానే కనిపించింది.

అసలు పరీక్ష నేను పెట్టింది కాదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. మర్నాటికి బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది, ఇటు సింగ్‌నగర్ నీళ్లల్లో. బియ్యం, కాగితాలు, అత్తగారి మందులు పట్టుకుని పైవాటాకి ఎక్కాం. మంచం కింద మూడు రాడ్లు ఉన్నాయన్న సంగతి మూడో రోజుకి గుర్తొచ్చింది. అప్పుడు రాడ్ల గురించి నోరెత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు. పాలపాకెట్ కోసం ట్రాక్టరు కనిపిస్తే చేతులూపుతున్న రోజులవి.

నీళ్లు తీశాక, బురద కడుగుతూ బయటికి లాగాను. తెల్ల జిగురు పిడి బిళ్ల బిళ్లకి విడిపోయి, దారానికి గుచ్చిన గారెల్లా ఉంది. మీరు పట్టిన రాడ్డు, నాలుగంగుళాల కథానాయిక, పైకి దిట్టంగానే ఉంది. పట్టుకు తిప్పితే రబ్బరులా మెలికపడింది. గోటితో గీకితే పాలమీగడలా లేచారు. రోజుల తరబడి నీళ్లలో నానితే మీ జాతికి అంతేనట. మూడోది మాత్రం బురద కడిగితే ఇంకేమీ చెయ్యక్కర్లేకపోయింది. దాన్ని పట్టింది మీ అన్నగారు, 24 గంటలవాడు.

అన్నగారు అని ఊరికే అనలేదు. మీ వంశంలో పాతకాపు ఆ నెమ్మది రకమే. స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ 1946లో అరల్డైట్ పేరుతో బయటపెట్టింది. ఆయనతో పని చెయ్యడం ఆస్తి రిజిస్ట్రేషన్‌కి వెళ్లినట్టు ఉంటుంది. ముందు పిడి వచ్చే చోట బ్లాంకు మీద మెరుపు పోయేదాకా ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దాలి, లోపలి కార్బన్ నారలోకి దిగకూడదు. స్పిరిట్‌తో తుడవాలి. తుడిచాక వేలు పెట్టకూడదు, ఆవకాయ తిన్న వేలు అసలే పెట్టకూడదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. రీల్ సీటు బెజ్జం పెద్దది, గొట్టం సన్నం. మధ్య ఖాళీ నింపడానికి నేను మాస్కింగ్ టేపుని బ్లాంకు చుట్టూ ఎక్కడా సందు లేకుండా, మెడకి మఫ్లరులా చుట్టేశాను. అంటే మీరు పట్టుకున్నది బ్లాంకుని కాదు, కాగితాన్ని. టేపు వరసల మధ్య పెన్సిల్ పట్టేంత సందులు వదిలితే జిగురు అక్కడ గొట్టం నుంచి సీటు దాకా గోడ కడుతుంది. టేపు అంచులు కూడా జిగురుతోనే మూసెయ్యాలి, లేకపోతే నీళ్లు పీల్చేస్తాయి. కాబట్టి ఫెర్రీ దగ్గర తిరిగిన ఆ పిడిలో మీ వాటా ముప్పావు, నా వాటా పావు. ఇంట్లో మాత్రం మొత్తం మీ ఖాతాలోనే రాశాను.

అన్నగారు కలిపాక మే నెలలో కూడా పావుగంట టైమిస్తారు. రింగులు వరసలో ఉన్నాయా లేదా అని ఒక కన్ను మూసి చూసుకోవచ్చు, మళ్లీ తిప్పుకోవచ్చు, పొంగినదాన్ని స్పిరిట్ గుడ్డతో తుడుచుకోవచ్చు, ఫోనొస్తే ఎత్తచ్చు. తరవాత రాడ్డుని గోడ వార నిలబెట్టి రోజంతా ముట్టుకోకూడదు. ఆ రోజంతా మా ఆవిడ దాని చుట్టూ తిరుగుతూ ఊడుస్తుంది. పళ్లెంలో మిగిలిన జిగురుని వేలితో నొక్కి చూస్తే చాలు, రాడ్డుని కదపక్కర్లేదు. నేనైనా గంటకోసారి నొక్కుతాను.

కొస రింగుకి మీరూ వద్దు, ఆయనా వద్దు. దానికి కరిగించి పెట్టే గ్లూ స్టిక్ చాలు. రేపు రింగు పగిలితే లైటరు సెగ చూపించి ఊడదీసుకోవచ్చు. ఊడాల్సిన చోట ఊడేది కూడా మంచి జిగురే. మీరు పొరపాటున ఈ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టకండి, దానికి చెప్పినప్పుడు ఊడాలి.

మీ మీద నాకు పగేమీ లేదు. మా పెరుగు డబ్బా మూత పగిలితే మీరే అతికించారు, ఫ్రిజ్‌లో చల్లగా ఇప్పటికీ పట్టుకునే ఉన్నారు. మొన్న టార్చిలైటు పిడి ఊడితే మళ్లీ మిమ్మల్నే వెతికాను. డబ్బాలో అడుగున ఉన్నారు. ఏడాది కిందట మూతలు పెట్టేటప్పుడు రెజిన్ మూత హార్డెనర్‌కి, హార్డెనర్ మూత రెజిన్‌కి పెట్టినట్టున్నాను. రెండూ రావడం లేదు. పళ్లతో లాగాను, పట్టకారు వేశాను, వేణ్ణీళ్లలో ముంచాను. పక్కింటి కుర్రాడు జిమ్‌కి వెళ్తాడు, వాడూ ప్రయత్నించాడు.

ఇట్లు,
మూతలు తిప్పుతూ,
మీ పాత ఖాతాదారు