ఏమీ జరగని పేజీ

మొన్న ఆదివారం మా మేనల్లుడు నా పుస్తకాల అర ముందు చతికిలబడి ఒక బొమ్మల పుస్తకం తిరగేశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సూపర్‌మ్యాన్ ఏ గ్రహం నుంచి వచ్చాడో, బ్యాట్‌మ్యాన్ ఊరి పేరేమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పది నిమిషాలు ఓపిక పట్టి, పుస్తకం మూసేసి, "ఇందులో ఏమీ జరగడం లేదత్తా" అన్నాడు.

వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. అదే మాట పెద్దవాళ్ల నోటా విన్నాను. బాగా చదువుకున్నవాళ్లు, స్వయంగా కథలు రాసేవాళ్లు కూడా అంటారు. కామిక్స్ అంటే ఎగరాలి, కొట్టుకోవాలి, నగరాలు కూలాలి, ఎవరో మనిషి ఇంటికి నడిచి వెళ్తుంటే దానికి బొమ్మలెందుకు అని. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఈ రోజు ఊరుకోదలచుకోలేదు. పొడుగైన పోస్టు, తీరిక ఉన్నప్పుడే చదవండి.

వాడు తిరగేసింది జిరో తనిగుచి గీసిన పుస్తకం. జపాన్‌లో 1990లో మొదలైన చిన్న చిన్న కథలు. ఇంగ్లీషులో ‘ది వాకింగ్ మ్యాన్’ అన్నారు, అంటే నడిచే మనిషి. పేరులో ఉన్నదే కథ. కళ్లజోడు పెట్టుకున్న ఒక మామూలు ఉద్యోగి తాను ఉండే పేటలో నడుస్తూ ఉంటాడు. మాటలు బహు తక్కువ. పేజీలకు పేజీలు ఒక్క మాటయినా లేకుండా సాగిపోతాయి. ఒక రోజు పిల్లల బొమ్మ విమానం చెట్టు కొమ్మల్లో చిక్కుకుంటే తీసివ్వడానికి చెట్టెక్కుతాడు. ఒక రాత్రి మూసేసిన ఈతకొలను కంచె దాటి లోపలికి వెళ్లి, ఎవరూ లేని నీళ్లలో ఈదుతాడు. దొంగలు రారు, శవం తేలదు.

ఆ ఈతకొలను కథ నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ నా భుజాలు కొంచెం కిందికి దిగుతాయి. ఒళ్లు ఎంత బిగబట్టుకుని కూర్చున్నానో అప్పుడు తెలుస్తుంది. ఆఫీసు నుంచి వచ్చి సంచి కూడా దించకుండా సోఫాలో కూలబడిన రోజున నాకు కావలసింది అదే. భూమిని కాపాడే వీరుడు ఆ పూట నాకేమీ చేయలేడు. నల్లటి నీళ్లలో ఒంటరిగా ఈదుతున్న ఒక నడివయసు మనిషి చేయగలిగాడు.

వాడితో వాదన పెట్టుకోకుండా, "నిన్న సాయంత్రం ఏం చేశావురా?" అని అడిగాను. "ఏమీ లేదు" అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగితే మెల్లగా చెప్పాడు. డాబా మీద ఆడుతుంటే బంతి వెళ్లి నీళ్ల ట్యాంకు వెనక పడిందట. తేవడానికి వెళితే అక్కడ పావురం గూడు, రెండు గుడ్లు. తల్లి పావురం కదలకుండా వాడి వంకే చూస్తోందట. వీడూ కదల్లేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు, ట్యూషన్ కూడా ఎగ్గొట్టాడు. ఇదంతా చెప్పి "అంతే, ఇంకేమీ లేదు" అన్నాడు. ఆ "ఏమీ లేదు" చెబుతున్నంతసేపూ వాడి గొంతు మెత్తగా ఎలా మారిందో నేను విన్నాను.

కామిక్స్ ఎలా పనిచేస్తాయో వివరిస్తూ అమెరికా కార్టూనిస్టు స్కాట్ మెక్లౌడ్ 1993లో ఒక పుస్తకం వేశాడు. అది కూడా బొమ్మల కథగానే వేశాడు, అది వేరే ముచ్చట. పేజీలో ఒక గడి నుంచి, అంటే ఒక బొమ్మ నుంచి, పక్క గడికి కథ ఎలా దాటుతుందో చూసి ఆయన ఆరు రకాలుగా విడదీశాడు. అమెరికా వీరుల కథల్లో ఎక్కువగా కనిపించేది ఒక పని నుంచి మరో పనికి దాటడం. పిడికిలి ఎత్తాడు, తర్వాతి గడిలో దవడ పగిలింది. జపాన్ కథల్లో తరచుగా కనిపించేదీ, పాశ్చాత్య కథల్లో అరుదుగా దొరికేదీ ఇంకొకటుంది. అక్కడ కాలం ముందుకు నడవదు, చూపు నడుస్తుంది. ఒక గడిలో కిటికీ, పక్క గడిలో పొయ్యి మీద మరుగుతున్న కెటిల్, ఆ పక్కన చూరు నుంచి జారబోతున్న వాన చుక్క. అన్నీ ఒకే క్షణానివి. ఆ ఇంట్లో మనమూ కాసేపు కూర్చుంటాం. ఇది చదివాక నాకు ఒక సంగతి అర్థమైంది. మావాడికి పేజీలో ఏమీ కనపడకపోవడానికి కారణం, ఎవరో ఏదో చేయడం కోసం వాడు వెతకడమే. అక్కడ ఉన్నది చోటు.

సూపర్‌హీరోలంటే నాకు చులకన లేదు. స్పైడర్‌మ్యాన్ 1962లో వచ్చాడు, ఇప్పటికీ నాకిష్టం. కానీ అతన్ని జనం ఎందుకు అంతగా ప్రేమించారో ఆలోచించండి. గోడలు పాకే వీరులు ఇంకెందరైనా రావచ్చు. అతన్ని పెంచిన మే అత్త ఆరోగ్యం గురించి బెంగ, చేతిలో లేని డబ్బు, ఫోటోలు అమ్ముకుని గడుపుకోవడం, చదువు, ఆలస్యంగా ఇంటికి రావడం. ఆ ఇల్లు లేకపోతే ముసుగు కింద ఎవరున్నా మనకు ఒకటే. వీరుల కథలు కూడా తమ ప్రాణాన్ని మామూలు జీవితం నుంచే అప్పు తెచ్చుకుంటాయి. ఆ అప్పు ఇచ్చినదాన్ని పట్టుకుని "ఇందులో ఏముంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

చావు సంగతే తీసుకుందాం. 1992లో సూపర్‌మ్యాన్‌ను చంపారు. వార్తలకెక్కింది, జనం దుకాణాల ముందు బారులు తీరి ఆ సంచిక కొన్నారు. మరుసటి ఏడాదే లేచి వచ్చాడు. వస్తాడని అందరికీ తెలుసు.

కెనడాలో లిన్ జాన్‌స్టన్ అనే ఆవిడ 1979 నుంచి ‘ఫర్ బెటర్ ఆర్ ఫర్ వర్స్’ అని దినపత్రికలకు ఒక కుటుంబ కథ గీసింది. తల్లి, పళ్ల డాక్టరైన తండ్రి, పిల్లలు, ఫార్లీ అనే బొచ్చు కుక్క. ఆ కథలో ప్రత్యేకత ఏమిటంటే చదివేవాళ్లతో పాటు అందులోవాళ్లకూ వయసు వస్తుంది. ఎత్తుకునే పిల్లాడు బడికి వెళ్తాడు, గొంతు మారుతుంది, ఇల్లు విడిచి వెళ్తాడు. కుక్క కూడా ముసలిదైంది. 1995 ఏప్రిల్‌లో ఇంటి చిన్నపిల్ల పొంగిన వాగులో పడితే ఫార్లీ దూకి పిల్లను కాపాడి, తాను చనిపోయింది. పాఠకుల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఏడ్చారు, తిట్టారు, తమ కుక్కల గురించి రాశారు. పొద్దున్నే కాఫీతో పాటు ఏళ్ల తరబడి చూసిన జంతువు మర్నాటి పేజీలో లేదు. దాన్ని లేపి తెచ్చే గ్రహాంతర యంత్రం ఆ ఇంట్లో లేదు. రోజుకు మూడు నాలుగు గడులే, అయినా అన్నేళ్లు కలిసి బతికాక వచ్చే దుఃఖం అది. భూగోళం బద్దలైనా అంత దుఃఖం రాదు.

ఇక హార్వీ పీకర్ గురించి చెప్పకుండా నేను ఈ పోస్టు ముగించలేను. అమెరికాలో క్లీవ్‌లండ్ నగరం, మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్లు సర్దే గుమాస్తా. బొమ్మలు గీయడం చేతకాదు. పుల్లల్లాంటి మనుషుల్ని గీసి, పక్కన మాటలు రాసి, గీయగలిగినవాళ్లకు ఇచ్చేవాడు. అలా ఇచ్చినప్పుడు పుచ్చుకున్నవాళ్లలో పేరున్న కార్టూనిస్టు రాబర్ట్ క్రంబ్ ఒకడు. 1976లో ‘అమెరికన్ స్ప్లెండర్’ మొదలుపెట్టి, సంచికలు తన జీతం డబ్బుతోనే అచ్చువేసుకున్నాడు. పేరొచ్చాక కూడా ఆ గుమాస్తా ఉద్యోగం వదల్లేదు, 2001లో రిటైరయ్యేదాకా చేశాడు. ఏం రాశాడయ్యా అంటే, కారు స్టార్టు కాకపోవడం, తోటి ఉద్యోగులతో వాదన, పోగొట్టుకున్న తాళంచెవి కోసం వెతకడం. సూపర్‌మార్కెట్ వరుసలో ముసలావిడల వెనక నిలబడటం గురించి ఒక కథ ఉంది. ముందున్న ఆవిడ ధర దగ్గర పేచీ పెట్టి కదలదు, వెనకున్న ఇతనికి లోలోపల ఉడికిపోతుంది. అంతే కథ.

రైతుబజారులో పావుకిలో బెండకాయల దగ్గర రెండు రూపాయల కోసం పది నిమిషాలు నిలబడిపోయే పెద్దావిడ వెనక నేనూ నిలబడ్డాను. విసుక్కున్నాను కూడా. ఆ కథ చదివాక మొదటిసారి ఆవిడ చేతిని చూశాను. కొంగుముడి విప్పి, నాణేలు అరచేతిలో పరిచి, ఒక్కొక్కటీ బొటనవేలితో పక్కకు జరుపుతోంది. ఎక్కడో క్లీవ్‌లండ్‌లో ఒక గుమాస్తా రాసుకున్న విసుగు నాకు ఇక్కడ ఆ చేతిని చూపించింది. ఇంతకన్నా గొప్ప శక్తి ఏ వీరుడికుందో ఎవరైనా చెప్పండి.

జపాన్ వాళ్లకు ఇది కొత్త కాదు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, మచికో హసెగావా అనే యువతి ఫుకువొకాలో ఒక స్థానిక పత్రికకు ‘సజాయె-సాన్’ మొదలుపెట్టింది. నాలుగు గడుల్లో ఒక ఉమ్మడి కుటుంబం. సముద్రపు ఒడ్డున నడుస్తుంటే తట్టిన ఊహ కాబట్టి అందరికీ సముద్రం పేర్లే పెట్టింది. సజాయె అంటే ఒక రకం గవ్వ, తమ్ముడు ఒక చేప, చెల్లెలు సముద్రపు నాచు. దేశం తిండికి కటకటలాడుతున్న రోజులవి. ఆ కరువు కూడా ఇంటి సంగతిగానే పేజీలోకి వచ్చింది. పత్రికలో 1974 దాకా నడిచింది. 1969లో మొదలైన టీవీ రూపం ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు వస్తూనే ఉంది. అది అయిపోతే సెలవు అయిపోయినట్టే, రేపు మళ్లీ సోమవారం. ఆ దిగులుకు అక్కడివాళ్లు ‘సజాయె-సాన్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

మరి మనం? మనకు బొమ్మలు తెలియవని ఎవరూ అనలేరు. ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు గీసిన బుడుగు ఇంట్లో పెరగని తెలుగువాళ్లు నా వయసులో తక్కువ. బామ్మ, బాబాయి, పక్కింటి పిన్నిగారు, ప్రైవేటు మాస్టారు. ఏ లోకాన్నీ కాపాడని ఆ ఇల్లు ఇన్ని దశాబ్దాలైనా మనకు కంఠతా వచ్చు. అయితే అది బొమ్మలున్న వచనం. బొమ్మలే కథ నడిపే పుస్తకం కాదు. మన పత్రికల్లో కార్టూన్లకూ కొదవ లేదు. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరుపొందిన రాగతి పండరి వేలకొద్దీ గీశారు. ఆవిడ గీత నాకు చాలా ఇష్టం.

కానీ ఒక మాట కటువుగానే చెబుతాను. మన ఇంటి కార్టూన్లలో చాలా భాగం అప్పడాల కర్ర దగ్గర ఆగిపోయాయి. భార్య చేతిలో కర్ర, భర్త నెత్తిన బొప్పి, కింద ఒక మాట, నవ్వు, అయిపోయింది. ఆ నవ్వు కోసం ఆవిడ ఎప్పుడూ గయ్యాళిగా, ఆయన ఎప్పుడూ పిరికివాడిగా ఉండాలి. ఒక్క గడిలో ఇంకేం చూపించగలరు? మనుషుల్ని వెంటనే గుర్తుపట్టేలా అచ్చు పోయాలి. ఆ కర్ర పక్కన పెట్టాక ఆవిడ ఏం చేసింది? అప్పడాలు ఎండబెట్టిందా? డాబా మీద కాకుల్ని తోలుతూ ఎవరి గురించి ఆలోచించింది? రెండో గడి ఉంటేనే అది తెలుస్తుంది. వంద పేజీలుంటే ఆవిడ మనకు మనిషిగా తెలుస్తుంది. ఆ వంద పేజీలు మన భాషలో నాకు దొరకడం లేదు. నా బాధంతా అది.

మా అమ్మ వేసవి సాయంత్రాలు మల్లెపూలు కట్టేది. వరండా మెట్టు మీద కూర్చుని, దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, ఒళ్లో తడిగుడ్డ మీద మొగ్గలు పోసుకునేది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, మీదుగా దారం ఒక మెలిక, ఒక లాగుడు. చూపు వీధిలోనే ఉండేది, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూనే ఉండేది. వేళ్లు వాటంతటవి నడిచేవి. మధ్యమధ్య మాలను మోచేతి దాకా పరిచి మూర కొలిచేది. చివర ముడి వేశాక బొటనవేలి మీద దారం కోసుకున్న ఎర్రటి గీత మిగిలేది. జతకు చాలని ఒకటి రెండు మొగ్గలు మిగిలితే వాటిని తీసుకెళ్లి మంచినీళ్ల కుండలో వేసేది.

ఇప్పుడు అమ్మ వేళ్లు వంగడం లేదు. పూలు కట్టినవే కొంటున్నాం. మా ఇంట్లో ఆల్బములు నాలుగున్నాయి, మొన్న అన్నీ తీసి చూశాను. పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశం, తిరుపతి కొండ మీద వరుసగా నిలబడిన మేము. అమ్మ పూలు కడుతున్న ఫోటో ఒక్కటి లేదు. అక్కడ ఏమీ జరగడం లేదని కదా ఎవరూ తీయలేదు. ఇన్ని వందల సాయంత్రాలు ఆవిడ చేసిన పని, నా చిన్నతనమంతా పక్కన కూర్చుని చూసిన పని, ఎక్కడా లేదు. గీయడం వచ్చి ఉంటే ఆరు గడులు చాలు నాకు. కాలి వేలు, దారం, వీధి వైపు తిరిగిన ముఖం, మూర కొలిచే మోచెయ్యి, ఎర్రటి గీత, కుండలో తేలుతున్న మొగ్గ.

"రోజూ పడే పాట్లే పుస్తకంలోనూ చూడాలా, కాసేపు అన్నీ మరిచిపోవడానికే కదా చదివేది" అని ఒక స్నేహితురాలు అంటుంది. నిజమే, మరిచిపోవడం కావాలి. నేనూ మరిచిపోవడానికి వీరుల సినిమాలకు వెళ్తాను. కానీ మూడు గంటల తర్వాత బయటికి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు ఆ వీరుడు నాతో రాడు. తనిగుచి మనిషి వస్తాడు. బస్టాపు వెనక ప్రహరీ మీదికి పాకిన బోగన్‌విలియాను నాతో పాటు చూస్తాడు.

గీసేవాళ్లు ఇది చదువుతుంటే, నాకు కావలసినవి చెబుతాను. రాత్రి చివరి ట్రిప్పు దిగి డిపోలో చిల్లర లెక్కగట్టే ఆర్టీసీ కండక్టరమ్మ. ఆవిడ ఇంటికి వెళ్లేసరికి మూత పెట్టిన కంచం. హాస్టల్లో ఆదివారం బట్టలుతుక్కునే డిగ్రీ పిల్లలు. కొడుకు డల్లాస్ నుంచి ఫోను చేసే వేళకు గడియారం చూసుకుంటూ ముందు గదిలో లైటు వేసుకుని కూర్చునే తండ్రి. కొట్టు కట్టేసే ముందు బెల్లం దిమ్మ మీద గుడ్డ కప్పే కిరాణా ఆయన. చివర్లో చమత్కారం పెట్టకండి, ఎవరినీ గొప్పవాళ్లను చేయకండి. నాలుగు పేజీలు గీసినా సరే, ఇక్కడ పెట్టండి, లేదా నాకు పంపండి. అచ్చువేస్తానంటే డబ్బు ముందే కడతాను. రెండు కాపీలు కావాలి, ఒకటి మా మేనల్లుడికి.