అమెరికా అల్లుడి మూలధన సేకరణ

విదేశాల నుంచి తిరిగివచ్చిన పారిశ్రామికవేత్తలు పెట్టుబడి ఎలా సమకూర్చుకుంటారన్న విషయం మీద కోనసీమలో జరగవలసినంత పరిశోధన జరగలేదు. ఆ లోటు తీర్చే సదుద్దేశంతో, బొండాం నీళ్ళను సీసాల్లో నింపి అమ్ముతానని డాలస్ నుంచి దిగిన మా బంధువు ఒకాయన్ని ఏడాదిపాటు గమనించాను.

ఆయన మొదట లాప్‌టాప్ తెరిచి 22 స్లైడ్లు చూపించారు. వాటిలో ‘ఏంజెల్ ఇన్వెస్టర్’ (కొత్త సంస్థకు తొలి పెట్టుబడి పెట్టే మనిషి) అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ఆ దేవదూత ఎవరని నేను అడగనేలేదు, ఎందుకంటే అరుగు మీద కూర్చున్న మామగారు అప్పటికే చుట్ట ఆర్పేసి లేచి నిలబడ్డారు. షేర్ల సరసమైన విలువకు మించి వచ్చిన పెట్టుబడిని ఆదాయంగా లెక్కగట్టి అంకుర సంస్థలను వేధించిన ఏంజెల్ ట్యాక్సును 2012లో పెట్టిన కేంద్రం దాన్ని 2024 బడ్జెట్లో గాని ఎత్తివేయలేదు. మామగార్ల విషయంలో మాత్రం ఆదాయపు పన్ను చట్టం ముందునుంచీ ఉదారమే. బంధువులిచ్చిన కానుకకు పన్ను లేదు, ఆ బంధువుల్లో భార్య తల్లిదండ్రులూ ఉన్నారు.

‘సిరీస్ ఎ’, అంటే దేవదూత తరవాతి విడత పెట్టుబడి, చిన్నాన్న నుంచి, నూటికి రూపాయిన్నర వడ్డీకి వచ్చింది. ఆయన రెవెన్యూ స్టాంపును నాలుకతో తడిపి ప్రామిసరీ నోటు మీద అంటించి, దానిమీద సంతకం పెట్టించుకుని, “మూడేళ్ళు తిరిగేలోగా కొత్త నోటు రాసివ్వాల్రా అబ్బాయ్” అన్నారు. ఆ గడువు దాటితే నోటుకు కాలదోషం పడుతుందని ఏడో తరగతితో చదువు ఆపిన చిన్నాన్నకు తెలుసు. స్లైడ్లలో మాత్రం లాభాలు ఏడో ఏట మొదలవుతాయి.

అమ్మగారి గొలుసులు బ్యాంకుకు వెళ్ళడం ‘బ్రిడ్జి లోను’గా, అంటే తదుపరి పెట్టుబడి అందేదాకా నెట్టుకొచ్చే అప్పుగా, నమోదైంది. ఆ ఏడు పెళ్ళిళ్ళన్నింటికీ ఆవిడ భుజాల నిండా పమిట కప్పుకునే వెళ్ళారు. నాన్నగారి తోటలోని చెట్లు ‘ముడిసరుకు భాగస్వామి’ అయ్యాయి. దింపు కూలి ఎవరివ్వాలన్నది ఒప్పందంలో కనబడలేదు.

అదే వీధి చివర, పన్నెండేళ్ళు కువైట్లో ఇళ్ళల్లో వంట చేసి వచ్చిన ఒకావిడ డ్వాక్రా సంఘం రుణంతో పెసరట్ల బండి పెట్టుకున్నారు. వాయిదా ఒక్కటి తప్పినా సంఘంలోని తక్కిన ఆడవాళ్ళు ఇంటికి వస్తారు గనుక ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికే పప్పు రుబ్బుతారు. మా బంధువుకు ఊళ్ళో సన్మానం తలపెట్టినప్పుడు, ఈవిడా విదేశం నుంచి తిరిగివచ్చి సొంత వ్యాపారం పెట్టినవారే కదా అని నేను అమాయకంగా అన్నాను. నిర్వాహకులు నొచ్చుకోకుండా భేదం వివరించారు: ఆయన విచ్చేశారట, ఆవిడ వచ్చేసిందట.

సన్మానానికి టిఫిన్లు ఆవిడ బండి నుంచే తెప్పించారు. శాలువాలు, ప్రసంగాలు అయ్యాక డబ్బుల కోసం ఆవిడ వేదిక పక్కన నిలబడగా, తదుపరి పెట్టుబడి రాగానే ముందు ఇచ్చేది మీకేనని మా బంధువు నమస్కారం పెట్టి మరీ చెప్పారు. ఆ నూట నలభై పెసరట్లను నేను నా పరిశోధన పుస్తకంలో ‘సిరీస్ బి’ కింద రాసుకున్నాను.