పుట్టగొడుగు మొక్క కాదండీ
మీ వ్యాసం బాగుంది కానీ అందులో పుట్టగొడుగుల్ని మొక్కల జాబితాలో వేసేశారు, అక్కడే చిక్కు. జీవుల్ని వర్గాలుగా విడదీసి పేర్లు పెట్టిన లినేయస్ కాలంలో, అంటే 18వ శతాబ్దంలో, అలాగే అనుకున్నారు, నిజమే. 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా, అంటే ఐదు పెద్ద వర్గాలుగా, విడదీసినప్పుడు పుట్టగొడుగులు చేరే శిలీంధ్రాలకి వేరే రాజ్యం ఇచ్చాడు. వాటికి పత్రహరితం లేదు, సొంతంగా వండుకోలేవు, కుళ్లిన చెక్కనో ఆకునో ఒంటి బయటే అరిగించుకుని పీల్చుకుంటాయి, పైగా కణకవచానికి, అంటే కణం చుట్టూ ఉండే గోడకి, గట్టిదనం ఇచ్చేది మొక్కల్లోలా సెల్యులోజ్ కాదు, రొయ్య పెంకులో ఉండే కైటిన్! మిగిలిన తిండిని కూడా మనలాగే గ్లైకోజెన్ అనే పిండిపదార్థంగా దాచుకుంటాయి. తర్వాత జన్యువులు పోల్చి చూస్తే మొక్కల కన్నా జంతువులకే దగ్గరి చుట్టాలని తేలింది. ఈ ముక్క ఇంట్లో చెప్పినప్పటి నుంచి మా అమ్మ కార్తీక మాసంలో పుట్టగొడుగుల కూర మానేసింది, తప్పు నాదే.