ఐదు రోజుల్లో గడ్డ మాయమైందన్న మెసేజ్ మళ్లీ వచ్చింది

ఈ వారంలో ఇది నాలుగోసారి. డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి మా పిన్ని దగ్గర్నుంచి కూడా అదే మెసేజ్. పక్కపక్కన రెండు ఎమ్మారై ఫొటోలు, ఒకదాంట్లో తెల్లగా గడ్డ, రెండోదాంట్లో అది లేదు. కింద ఇలా ఉంది: "బ్రెయిన్ క్యాన్సర్ జీన్‌ను అమెరికాలో కనిపెట్టారు. ఒక్క ఇంజెక్షన్‌తో ఐదు రోజుల్లో గడ్డ మాయం. కంపెనీలు దాచేస్తున్నాయి. మన బాంబే ఐఐటీలో ఇదే తక్కువ ధరకు దొరుకుతోంది. రక్తపరీక్షతో మీ జీన్ తెలుసుకోండి, ప్రతి జీన్‌కూ మాత్ర ఉంది. ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు ఒప్పుకోవద్దు, కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుంది. రిపోర్టులో ఏముందో డాక్టర్లు మీకు చెప్పరు. పసుపు వాడండి, చక్కెర మానండి."

నేను 13 ఏళ్లుగా పాథాలజీ ల్యాబులో పనిచేస్తున్నాను. ఆపరేషన్‌లో తీసిన మెదడు గడ్డల ముక్కలు నా చేతుల మీదుగా వెళ్తాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఐదు రోజుల కబురు నిజమే. 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు ప్రచురించారు. గ్లియోబ్లాస్టోమా అనే మొండి మెదడు క్యాన్సర్ తిరగబెట్టిన ముగ్గురి టి కణాలను (రోగంతో పోరాడే తెల్ల రక్తకణాలు) బయటికి తీసి, గడ్డ కణాల మీద ఉండే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా మార్చి, తల లోపలి ద్రవంలోకి నేరుగా ఎక్కించారు. 57 ఏళ్ల ఒకావిడకు ఐదు రోజుల్లో గడ్డ దాదాపు కనబడకుండా పోయింది. మెసేజ్ అక్కడితో ఆపేశారు. ఆ తర్వాత ఆవిడకు గడ్డ మళ్లీ పెరిగింది. ఆవిడతో కలిపి ముగ్గురిలో ఇద్దరికి అదే జరిగింది. మూడో మనిషికి ఐదు నెలలకు పైగా అదుపులో ఉంది. నాకు ఇది చాలా పెద్ద విషయం, చదివిన రోజు నిద్ర పట్టలేదు. కానీ ముగ్గురి మీద చేసిన ప్రయత్నాన్ని దొరికిపోయిన మందుగా చెప్పడం తప్పు.

కంపెనీలు దాచాయన్న మాటకు ఒక్క వాక్యం చాలు: ఇది ప్రపంచమంతా డాక్టర్లు చదివే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. పసుపు ఈ గడ్డను తగ్గించిందని మనుషుల్లో ఎవరూ చూపలేదు. చక్కెర సంగతంటారా, వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది కాబట్టి తిండి విషయం డాక్టర్ని అడగండి.

"జీన్‌ను కనిపెట్టారు" అట. ఈ గడ్డల్లో ఆ ప్రొటీన్‌ను తయారుచేసే ఈజీఎఫ్ఆర్ జీన్ కాపీలు విపరీతంగా పెరుగుతాయని 1985లోనే తెలుసు. 2008లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ వాళ్లు 206 గ్లియోబ్లాస్టోమాలను పరీక్షించి ఈజీఎఫ్ఆర్, పీటెన్, టీపీ53, ఎన్ఎఫ్1 అంటూ చాలా పేర్లు బయటపెట్టారు. పేర్లకు కొరత లేదు. మరి మందెందుకు పనిచేయదంటే, నా టేబుల్ మీదికి వచ్చి చూడండి. జీన్ కాపీలను రంగు చుక్కలుగా చూపే ఫిష్ పరీక్ష చేసిన స్లైడులో ఈజీఎఫ్ఆర్ ఎర్ర చుక్కలుగా మెరుస్తుంది. ఒక కణంలో ఎర్ర చుక్కలు లెక్కపెట్టలేనన్ని, గుంపులుగా ఉంటాయి. దానికి ఆనుకునే ఉన్న ఇంకో కణంలో మామూలుగా ఉండాల్సిన రెండే. ఇద్దరి గడ్డలు కావవి, ఒకే మనిషి తలలోంచి తీసిన ఒకే ముక్క. ఎర్ర గుంపులున్న కణాలను మందు చంపితే, రెండు చుక్కల కణాలు మిగిలి పెరుగుతాయి. ఈజీఎఫ్ఆర్‌లో ఒక ప్రత్యేక రకం మార్పు మీద గురిపెట్టిన రిండోపెపిముట్ టీకా 2016లో పెద్ద ట్రయల్‌లో ఓడిపోయింది, టీకా వేసినవాళ్లూ వేయనివాళ్లూ దాదాపు సమానంగానే బతికారు. దానికితోడు నోటి మాత్రల్లో చాలావరకు రక్తం దాటి మెదడులోకి సరిగా చేరవు.

బాంబే ఐఐటీ నుంచి వచ్చిన నెక్స్‌కార్19 నిజం, దానికి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. గర్వపడాల్సిన పని. అదీ టి కణాలను మార్చి ఇచ్చే చికిత్సే, కానీ బి కణాలనే ఇంకో రకం తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్లకు. అది మంచి బి కణాలనూ చంపుతుంది, కానీ అవన్నీ పోయినా మనిషిని కాపాడుకోవచ్చు. ఈజీఎఫ్ఆర్ చర్మం మీదా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోనూ ఉంటుంది. దాని మీద గురిపెట్టిన టి కణాలను ఒళ్లంతా తిరిగేలా వదిలితే మంచి కణాల మీద పడే ప్రమాదం ఉంది కాబట్టే బోస్టన్ వాళ్లు తలలోకి ఎక్కించారు. ఒకటి చూపించి ఇంకోటి అమ్మకండి.

ప్రతి జీన్‌కూ మాత్ర లేదు. కొన్నిటికి ఉంది. ఐడీహెచ్ అనే జీన్‌లో మార్పున్న, నెమ్మదిగా పెరిగే రెండో గ్రేడు గడ్డలకు వోరాసిడెనిబ్ అనే మాత్ర 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందింది. 331 మందితో చేసిన ట్రయల్‌లో గడ్డ ముదరకుండా 27.7 నెలలు ఆగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 11.1 నెలలు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ మార్పు ఉంటే దాన్ని గ్లియోబ్లాస్టోమా అననే అనరు. బ్రాఫ్ అనే జీన్‌లో వీ600ఈ అనే మార్పున్న ముదురు గడ్డల్లో డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే మందులు కలిపి ఇస్తే 45 మందిలో 15 మందికి గడ్డ తగ్గింది. పెద్దవాళ్లలో ఆ మార్పు చాలా తక్కువమందికి ఉంటుంది.

ఇక నాకు కోపం తెప్పించిన మాట. ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దట.

కిందటేడు ఒక అబ్బాయి మా కౌంటర్ దగ్గరకు వచ్చాడు. చేతిలో నాన్నగారి ఎమ్మారై కవరు, ఫోనులో ఈ బాపతు మెసేజే. "మేడం, రక్తం తీసుకుని జీన్ టెస్ట్ చేయండి, మాత్ర తెప్పించుకుంటాం, ఆపరేషన్ వాయిదా వేశాం" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. బాబూ, ఈ గడ్డ డీఎన్‌ఏ రక్తంలోకి సరిగా రాదు, మెదడు చుట్టూ ఉన్న అడ్డు దాన్ని ఆపుతుంది. జీన్ చూడాలంటే గడ్డ ముక్క కావాలి. ముక్క కావాలంటే ఆపరేషనో, సూదితో చిన్న ముక్క తీసే బయాప్సీయో జరగాలి. ఆపరేషన్ వద్దు, జీన్ టెస్ట్ కావాలి అని ఒకే మెసేజ్‌లో రాసినవాడు ఆ ముక్క ఎక్కడి నుంచి వస్తుందనుకున్నాడు? రాసేముందు ఒక్క నిమిషం ఆలోచించాడా? ఫార్వర్డ్ చేసిన మీరు ఆలోచించారా?

కత్తి తగిలితే పాకుతుందన్నదీ తప్పే. గ్లియోబ్లాస్టోమా తల దాటి ఒంట్లోకి వెళ్లడం చాలా అరుదు. మెదడు లోపల దాని వేళ్లు మొదటి ఎమ్మారై రోజుకే చుట్టూ పాకి ఉంటాయి. అందుకే కోసి తీశాక రేడియేషన్ ఇస్తారు. 1978లో అచ్చయిన అమెరికా ట్రయల్‌లో ఆపరేషన్ తర్వాత మామూలు సంరక్షణతో సగం మంది 14 వారాలు దాటలేదు. రేడియేషన్ ఇచ్చినవాళ్లలో అది దాదాపు 35 వారాలు. 2005లో రేడియేషన్‌కు టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు కలిపాక, రెండేళ్లు బతికినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. చిన్న అంకెలే, నాకు తెలుసు. ఆ అంకెల్లో ఒకరి నాన్న కూతురి పెళ్లి చూస్తాడు. వాటిని కూడా లాక్కునే హక్కు ఎవరిచ్చారు మీకు?

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. "రిపోర్టులో ఏముందో డాక్టర్లు మీకు చెప్పరు" అని ఆ మెసేజ్‌లో ఉంది. నేను చూసినంతలో అది చాలాసార్లు నిజం. ఎంజీఎంటీ మిథైలేటెడ్ అని అచ్చుకొట్టిన కాగితం పట్టుకుని, అది మంచో చెడో తెలియక మా మెట్ల మీద కూర్చున్న కుటుంబాలను చూశాను. ఎంజీఎంటీ అనేది దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే జీన్, మిథైలేటెడ్ అంటే గడ్డలో అది మూతబడి ఉందని. ఆ ఒక్క పదమే టెమోజోలమైడ్ ఎంత పనిచేస్తుందో చెబుతుంది. 2005లోనే తేలింది: అలా మూతబడి ఉన్నవాళ్లలో రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 15.3 నెలలు దాటి బతికారు, మాత్రలు కలిపితే 21.7 నెలలు దాటి. ఈ సంగతి ఐదు నిమిషాలు కూర్చుని చెప్పే మనిషి లేనిచోట మెసేజ్‌లే చెబుతాయి. ఆ తప్పు మా వైపుది కూడా.

ఆ అబ్బాయి నాన్నగారికి నాలుగు వారాలు ఆలస్యంగా ఆపరేషన్ జరిగింది. అప్పటికి ఎడమ చెయ్యి పడిపోయింది. ముక్క మా దగ్గరికే వచ్చింది, దాన్ని మైనంలో బిగించి, ఆ బ్లాక్‌ను నేనే పల్చగా కోశాను. రిపోర్టు వచ్చిన రోజు అతన్ని వెంటబెట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్లాను. ప్రతి లైనూ చదివి చెప్పేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.