పులుసుకి డబ్బు కట్టాక ముక్కకి లాటరీనా?

వీడియో గేముల్లో డబ్బు కట్టి కొనే, లోపల ఏముందో తెరిచేదాకా తెలియని లూట్ బాక్సులు "ఇష్టమైతేనే కొనుక్కునేవి" అని మీరు రాశారు. మాది కావలి. మా తమ్ముడు ఒక క్రికెట్ గేమ్‌లో (పేరెందుకులెండి) మంచి ప్లేయర్ వస్తాడని ప్యాకులు కొంటూ నెలలో 1,800 రూపాయలు ఊదేశాడు. వచ్చినవన్నీ ముందే ఉన్న కార్డులు! చేపల పులుసుకి డబ్బు కట్టించుకుని, ముక్క పడుతుందో ముల్లు పడుతుందో నీ అదృష్టం అంటే మా నెల్లూరోళ్లు ఊరుకుంటారా? 2017లో బ్యాటిల్‌ఫ్రంట్ 2 అనే గేమ్‌లోని లూట్ బాక్సుల మీద అభిమానులు గొడవ చేస్తే, సరిగ్గా విడుదలకు ముందు దాన్ని అమ్మే ఈఏ కంపెనీ ఆ గేమ్ లోపలి అమ్మకాలు ఆపేసింది, కొన్నాళ్లకే అయినా. 2018లో బెల్జియం ఇలాంటివి జూదమేనని తేల్చాక, 2019 జనవరి చివర్లో ఈఏ అక్కడ ఫిఫా పాయింట్లు (తన ఫిఫా ఫుట్‌బాల్ గేమ్‌లో ఇలాంటి ప్యాకులు కొనడానికి వాడేవి) అమ్మడం మానేసింది. అక్కడ మానగలిగినవాళ్లకు ఇక్కడ ఏమొచ్చిందట?