ఫొటో జతచేస్తేనే వాసన

మా గల్లీ కింద నాలా ఉంది. పైన బండలు పరిచేశారు కాబట్టి కంటికి కనబడదు. ముక్కుకి మాత్రం పొద్దస్తమానం తెలుస్తుంది. ఫిర్యాదు చేద్దామని యాప్ తెరిస్తే అది మర్యాదగా అడిగింది: ‘సమస్య ఫొటో జతచేయండి’. ఎదురింటి ఆంటీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్న ఫొటో పంపాను. ‘సమస్య స్పష్టంగా లేదు’ అని తిరిగొచ్చింది. విసిగిపోయి, ఉత్త బండల ఫొటో పంపి ఊరుకున్నాను.

ముక్కు సాక్ష్యం చెల్లదని తేలిపోయింది కనుక, వాసనను రంగుగా మార్చే యంత్రాన్ని హైదరాబాదుకి తక్షణం తెప్పించాలని నా డిమాండ్.

ఇదేం పగటికల కాదు. 2000లోనే అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో రాకో, సస్లిక్ అనే రసాయన శాస్త్రవేత్తలు, ఆవిరి తగిలితే రంగు మారే చుక్కల్ని వరసగా పేర్చి చూపించారు. ఒక్కో వాసనకి ఒక్కో చుక్కల ముగ్గు. ఎదురింటి ఆంటీకి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు.

చిన్న చిక్కొకటుంది. ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. కంట్లో రంగు పట్టే కణాలు 3 రకాలే. నాలుగొందల మందిని మూడు షేర్ ఆటోల్లో కుక్కాలన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవర్నడిగినా అదో సమస్యే కాదంటారు.

అసలు గొడవ అద్దె ఇళ్లలో మొదలవుతుంది. ‘ఓన్లీ వెజ్’ బోర్డు పెట్టిన ఓనరుగారు ఇన్నాళ్లూ మెట్ల మీద ఆగి, గాలి పీల్చి, ‘ఏంటమ్మా, ఇవాళ స్పెషలా?’ అనేవారు. ‘పక్కింటి నుంచండీ’ అంటే సరిపోయేది. వాసనకి అడ్రస్ ఉండదు, అద్దెకుండేవాళ్లకి అదే దిక్కు. ఇకమీదట ఎండుచేపల ఊదారంగు మా తలుపు సందులోంచి బయల్దేరి, మెట్లు దిగి, సరిగ్గా ఆయన పూజగది ముందు ఆగుతుంది. అరగంటలో వాట్సాప్ గ్రూపులో ఫొటో. ఇంగువ పోపుకి మాత్రం బంగారు రంగే ఇవ్వాలని అసోసియేషన్ తీర్మానం ఖాయం. రంగుల పట్టిక ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా?

మా నాలా వెళ్లి కలిసే మూసీ సంగతి వేరు. మురుగు కుళ్లితే వచ్చే చెడిపోయిన కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ముక్కు దయగలది, కాసేపు గోల చేసి తర్వాత చెప్పడం మానేస్తుంది. అందుకే చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సులో కర్చీఫ్ తీసినవాడు ఊరికి కొత్తని ఇట్టే పోల్చుకోవచ్చు. కంటికి అంత దయ లేదు, చూసిందల్లా చెబుతూనే ఉంటుంది. అయినా టెన్షన్ అక్కర్లేదు. పెద్దలు వచ్చే దారిలో ఆకుపచ్చ గుడ్డ కట్టడం మనకి బాగా వచ్చు.

నిన్న యాప్‌లో మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’. కింద వాళ్లే ఫొటో పెట్టారు. బండల మీద బ్లీచింగ్ పౌడర్, పక్కన చీపురు, ఓ మూల ఆంటీ వాళ్ల గుమ్మం. జూమ్ చేసి మరీ చూశాను. ఫొటోలో నిజంగానే ఏ వాసనా లేదు.