వెనక్కి దిగిన గృహప్రవేశం

మా గృహప్రవేశం ఫోటోలు ఎవరడిగినా మా ఆవిడ చూపించట్లేదు, ఎందుకంటే వాటిల్లో నేనున్నాను.

అసలు ఇదంతా మొదలైందే ఆ ఫోటోల కోసం. గుంటూరు గోరంట్ల వైపు మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్నాం, ముహూర్తం శుక్రవారం తెల్లవారుజామున, పట్టుపంచె కట్టుకుని పైన కండువా ఒక్కటే వేసుకోవాలన్నారు. అద్దం ముందు నిలబడి చూసుకుంటే కండువా రెండు పక్కలా బానే దిగుతుంది గానీ మధ్యలో పొట్టని కప్పే కండువా ఇంకా ఎవరూ నెయ్యలేదని అర్థమైంది. పన్నెండు రోజుల్లో పొట్ట పోదని నాకూ తెలుసు, కానీ ఛాతీ పెరిగితే పొట్ట చిన్నగా కనపడుద్ది కదా అని లెక్కేసుకుని బ్రాడీపేటలో ఒక జిమ్ములో చేరా, ఆఫర్ ఉందంటే ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశా. కట్టాక పది రోజులు వెళ్ళలేదు. కప్‌బోర్డుల వాడు, ట్యాపుల వాడు, షామియానా వాడు, వీళ్ళ వెనకాల తిరగడానికే సరిపోయింది. బుధవారం సాయంత్రం, అంటే ముహూర్తానికి ఒకటిన్నర రోజు ముందు, తీరిక దొరికింది.

ట్రైనర్ కుర్రాడు మంచోడు, ఇప్పుడు చెప్తున్నా, తప్పేమీ వాడిది కాదు. "సార్, ఫస్ట్ డే కదా, బరువేమీ వద్దు, కుర్చీలో కూర్చుని లేచినట్టు ఉత్త స్క్వాట్లు రెండు సెట్లు కొట్టండి చాలు, రోజు మార్చి రోజు రండి, మెల్లమెల్లగా బరువు పెంచుకుందాం, కండ ఇక్కడ పెరగదు సార్, ఇంటికెళ్ళి తిని పడుకున్నాక పెరుగుద్ది" అని చెప్పి ఫోనొస్తే బయటికెళ్ళాడు. నేను బుద్ధిగా రెండు సెట్లు కొట్టా. ఏమీ అనిపించలేదు. అక్కడితో ఆపేస్తే ఈ కథ లేదు.

స్క్వాట్ ర్యాక్ దగ్గర ఊరికే రాడ్డు పట్టుకుని చూస్తున్నానా, వెనక నుంచి ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలా ఉంది, "అంకుల్, మీకింకా ఎన్ని సెట్లున్నాయి?" అంది. అంకుల్ అన్నందుకు కాదు, నలభై నాలుగేళ్ళొచ్చాయి, అలవాటైపోయింది. అసలు నాకు సెట్లే లేవు, ఆ సంగతి చెప్పలేక "ఐదున్నాయమ్మా" అన్నా. ఆ పిల్ల పక్కన నిలబడి ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఎదురుగా గోడ మీద కరణం మల్లీశ్వరి పోస్టరు, 2000 సిడ్నీ ఒలింపిక్స్, వెయిట్‌లిఫ్టింగ్ 69 కేజీల విభాగంలో రెండు రకాల లిఫ్టులూ కలిపి 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం ఆడపడుచు, నన్నే చూస్తున్నట్టుంది. మిర్చి యార్డులో హమాలీలు నలభై కేజీల పైనుండే టిక్కీని, అంటే మిర్చి బస్తాని, వీపు మీదేసుకుని పొద్దస్తమానం తిరుగుతారు, గుంటూరోడినై ఉండి నేను ఒక టిక్కీ మొయ్యలేనా అనిపించింది. అటు పది కేజీలు, ఇటు పది కేజీలు బిళ్ళలేశా. ఇరవయ్యేగా అనుకున్నా. రాడ్డు ఒక్కటే ఇరవై కేజీలని నాకెవరూ చెప్పలేదు, అంటే నాకు తెలీకుండానే దాదాపు టిక్కీయే ఎత్తుకున్నా.

ఐదు సెట్లు, సెట్టుకి పది. ఐదోది అయ్యేసరికి కాళ్ళు పెళ్ళిపందిట్లో కట్టిన మామిడాకుల్లా ఊగుతున్నాయి గానీ ఆ అమ్మాయి "సూపర్ అంకుల్" అంది, దాంతో ఇంకో మూల లెగ్ ప్రెస్ మీద కూడా కూర్చుని వచ్చా. ఇంటికెళ్తూ శంకర్ విలాస్ సెంటర్లో ఆగి ఆరు కోడిగుడ్లు కొనుక్కున్నా, గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్ కదా, ఆరార్లు ముప్పై ఆరు. ఆ రాత్రి నా అంత ఆరోగ్యవంతుడు గుంటూరు జిల్లాలో లేడు.

గురువారం పొద్దున తొడలు కొంచెం పట్టేసినట్టున్నాయి. మధ్యాహ్నానికి ఇంకొంచెం. సాయంత్రానికి కమోడ్ మీద కూర్చోవడం అనేది పోయి పడటం అనేది వచ్చింది. ట్రైనర్‌కి ఫోన్ చేస్తే ముందు కాసేపు నవ్వాడు. "సార్, ఇది ల్యాక్టిక్ యాసిడ్ కాదు, అది ఆపేసిన గంటలోపే పోద్ది. బరువుతో కిందకి దిగేటప్పుడు కండ సాగుతూనే బ్రేక్ వెయ్యాలి, అలవాటు లేని కండకి అక్కడే సన్నసన్న చీలికలొస్తయ్, తర్వాత వాపొస్తది, అందుకే నెప్పి లేటుగా మొదలై ఒకటి నుంచి మూడు రోజుల మధ్యలో పీక్ అవుద్ది. మెల్లగా నడుస్తా ఉండండి, అదే తగ్గుద్ది. యూరిన్ మాత్రం డికాషన్ రంగులో వస్తే లేటు చెయ్యకుండా డాక్టర్ దగ్గరికెళ్ళాలి, కిడ్నీకి డేంజర్." నేను ఫోన్ స్పీకర్లో పెట్టా, అదీ నా ఖర్మ. ఆ తర్వాత బాత్రూం నుంచి వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ చుట్టాలందరి ముందూ "ఏవండీ, రంగు?" అని అడిగేది. ఇంటికి ఏ పెయింట్ వేయించాలో అనుకుంటున్నారని మా పెదనాన్న "క్రీము కలర్ వేయించండిరా" అని సలహా ఇచ్చాడు.

పీక్ కరెక్టుగా ముహూర్తానికే వచ్చింది. లిఫ్టు గుంత ఉంది గానీ లిఫ్టు రాలేదు. దేవుడి పటం పట్టుకుని మూడంతస్తులు ఎలాగో ఎక్కేశా, ఎక్కడం నిజంగానే అంత కష్టం కాలేదు, పాలు పొంగాయి, సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చున్నాం. కూర్చోవడానికి నేనేమీ చెయ్యలేదు, భూమ్యాకర్షణే చూసుకుంది. ఐదు అధ్యాయాలూ అయ్యాక పంతులుగారు "లేచి నిలబడి ఆత్మప్రదక్షిణ చెయ్యండి నాయనా" అన్నారు. మా ఆవిడ లేచింది. నేను లేవలేదు, కాళ్ళకి కబురు పంపిస్తున్నా గానీ అటు నుంచి జవాబు లేదు. కొంగుముడి వేసి ఉంది కదా, ఆవిడ తిరిగే ప్రదక్షిణకి నా కండువా చుట్టుకుంటా పోయింది, మూడో చుట్టుకి మొత్తం ఆవిడకే వెళ్ళిపోయింది, ఏ పొట్ట కోసమైతే ఇంత కథ పడ్డానో ఆ పొట్టతో సహా ఫోటోగ్రాఫర్‌కి ఎదురుగా మిగిలిపోయా. చేసేది లేక కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టా.

"యజమాని తన్మయత్వంలో ఉన్నారు, కదపకండి" అన్నారు పంతులుగారు. మా అత్తగారు కళ్ళొత్తుకుని "అల్లుడుగారికి ఇంత భక్తి ఉందని ఇన్నేళ్ళూ తెలీలేదే" అని మా ఆవిడతో అంది. చివరికి మా బావమరిది చంకల కింద చేతులేసి బియ్యం బస్తాని లేపినట్టు లేపాడు, చెవిలో "బావా, జిమ్మా?" అన్నాడు, వాడికీ ఏదో అనుభవం ఉన్నట్టుంది.

టిఫిన్లు కింద సెల్లార్లో. యాభై నాలుగు మెట్లు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి రెండోది దించబోతే తొడ బ్రేక్ వెయ్యనంటుంది, కుర్రాడు చెప్పింది అప్పుడు ఒంటికెక్కింది. రెయిలింగ్ ఇంకా బిగించలేదు. ఆలోచించి ఆలోచించి వెనక్కి తిరిగి, గోడకి ఒక చెయ్యి ఆనించి, నిచ్చెన దిగినట్టు దిగితే కొంచెం సుఖంగా ఉంది. అట్టాగే ఒక్కో మెట్టూ దిగుతా, ప్రతి మెట్టుకీ "నారాయణా" అంటా (అది భక్తి కాదు, వేరే మాటలు రాకుండా) పోతుంటే పైనుంచి మా అత్తగారి తోడికోడలు "అదేందే, అల్లుడు వెనక్కి దిగుతున్నాడు?" అంది. "దేవుడికి వీపు చూపించకూడదని అక్కా, చూడు ఎంత నిష్ఠో" అంది మా అత్తగారు. మా ఆవిడ ఏదో చెప్పబోయి, విషయం చెప్తే పరువు ఎవరిదో గుర్తొచ్చి ఊరుకుంది.

కింద ప్లాస్టిక్ కుర్చీలోకి పడిపోయి, ఇడ్లీ ముక్క కారప్పొడిలో అద్దుకుని తలెత్తి చూద్దును కదా, పట్టుచీరలన్నీ వరసగా వీపులు ఇటు పెట్టి మెట్లు దిగుతున్నాయి. మధ్యలో ఎవరో "ముందు ఏ కాలు దించాలమ్మా, కుడా ఎడమా?" అని అరుస్తున్నారు. అందరికన్నా పైన పంతులుగారు, ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో అరటిపళ్ళు, వీళ్ళందర్నీ కాసేపు అట్టాగే చూశారు, ఇంట్లో దేవుడి వైపు ఒకసారి చూశారు, సంచి భుజానికి తగిలించుకుని ఆయన కూడా మెల్లగా వెనక్కి తిరిగారు.